గది బయటి బల్ల

ఫిబ్రవరి 9, ఆదివారం

తమ్ముడు నతానియేలు సవాయి దీవి నుంచి మధ్యాహ్నం ఫెర్రీలో దిగాడు. ముందు పోల్చుకోలేదు. మా నాన్న చొక్కా వేసుకుని ఎవరో ముసలాయన వస్తున్నాడేమిటా అనుకున్నాను. దగ్గరికొచ్చి "అక్కా" అన్నాక పోల్చుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికి ఫెర్రీ వాళ్ళ మీద అరిచాను, సంచీ తడిపారని. సంచీ పొడిగానే ఉంది.

బస్సు వద్దని ముందే కబురు పెట్టాడు. అందుకని పొరుగింటివాళ్ళ పికప్ బతిమాలి తీసుకెళ్ళాను. వాడు ఊరికి మతాయి, వంశం తరపున పెద్ద, సభలో లేచి నిలబడితే వయసులో పెద్దవాళ్ళు కూడా మాటలాపి వింటారు. అలాంటివాడికి బస్సులో కోళ్ళబుట్టల మధ్య కూర్చోవాలంటే నామోషీ కాబోలు. ఉండనీ.

ముందుగదిలో కొత్త చాప పరిచి, దోమతెర కట్టి ఉంచాను. వాడు నేరుగా ఇల్లంతా దాటి పెరటి తలుపు పక్కనున్న చిన్నగదిలోకి పోయి సంచీ పెట్టాడు.

"ఇది చాలక్కా నాకు."

"ఊరి పెద్దవి, కోళ్ళగూటి పక్కన పడుకుంటావా?"

"కోళ్ళు నన్ను ప్రసంగం చెయ్యమనవుగా."

చిన్నప్పుడూ అంతే, ఎక్కడికి వెళ్ళినా మూల చూసుకుని కూర్చునేవాడు. కుడి డొక్క కింద బరువుగా ఉందట. ఎప్పట్నుంచంటే మొన్నమొన్నటి నుంచీ అన్నాడు. మొన్నమొన్నటికే మనిషి ఇంత తరిగిపోతాడా?

మరదలు సులియేటా కూడా వస్తానంది. వద్దన్నాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, ఆసుపత్రిలో చేసేదేమీ లేదు. పందుల్నీ చామ తోటనీ చూసుకునేవాళ్ళు ఉండాలి. వాడికి నేనున్నాను.

ఫిబ్రవరి 12

ఆసుపత్రికి కూడా బస్సెక్కనన్నాడు. నడిచే వెళ్ళాం. దారిలో రెండుసార్లు "తెలిసినవాళ్ళిల్లు, పలకరించకుండా పోతే బాగుండదు" అంటూ లోపలికి వెళ్ళొచ్చాడు. ఒంట్లో ఓపిక లేకపోయినా వాడి మర్యాద పోలేదు.

డాక్టర్ కర్టిన్ న్యూజిలాండ్ నుంచి వచ్చిన పలాగి, తెల్లవాడు. ఆరునెలలకోసం వచ్చాడట. తెల్ల చర్మం మీద మన ఎండ బొబ్బలెక్కించింది. మనిషి మంచివాడే, కాకపోతే ఒక్కసారిగా నాలుగు ప్రశ్నలు వేస్తాడు. ఆ వార్డు నర్సు సెఫో. నా దగ్గర నాలుగో తరగతి చదివాడు. నన్ను చూడగానే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, ఇంకా కూడికలు అడుగుతానేమో అన్నట్టు.

చొక్కా తియ్యమన్నప్పుడు కిటికీ వైపు తిరిగాను. తమ్ముడు ఒళ్ళు విప్పితే అక్క చూడదు. పదేళ్ళు దాటాక మేము ఒక గదిలో పడుకోలేదు, ఒంటి సంగతులు ఒకరి ముందు ఒకరం ఎత్తలేదు. ఆ గౌరవమే మా ఇద్దరి మధ్య ఒప్పందం. పలాగీలకి అది చెప్పినా అర్థం కాదు. కిటికీలోంచి చూస్తూనే వాడి మాటలు ఇంగ్లీషులో చెప్పాను.

సాయంత్రానికి స్కాన్ వచ్చింది. ఎలుకలు కొట్టిన సీమపనసకాయలా ఉంది వాడి లివర్.

"ఇవి లివర్లో పుట్టిన గడ్డల్లా లేవండి," అన్నాడు డాక్టరు. "ఎక్కడో పుట్టి ఇక్కడికి చేరాయి. ఎక్కడ పుట్టాయో కనపడటం లేదు."

"ఏమంటున్నాడక్కా?"

"లివర్ మీద ఏవో మచ్చలున్నాయంటున్నాడు."

"ఎన్ని?"

"కొన్ని."

ఫిబ్రవరి 13

కొన్ని కాదు. లెక్కపెట్టలేనన్ని.

ఫిబ్రవరి 18

రక్తపరీక్షలు వచ్చాయి. మనవాళ్ళకి మామూలుగా వచ్చే లివర్ క్యాన్సర్ గుర్తులు లేవు, కామెర్ల వైరస్ లేదు. గొట్టం వేసి పొట్ట చూశారు, పేగు చివర చూశారు. ఏమీ లేదు. ఏమీ లేదంటే మొదట సంతోషించాను, బుద్ధిలేనిదాన్ని. గడ్డలు కళ్ళెదురుగా ఉంటే వాటి పుట్టిల్లు దొరకలేదని సంతోషమా?

ఇక్కడ చెయ్యలేని వైద్యానికి రోగుల్ని ఆక్లండ్ పంపే కమిటీ వచ్చేనెల చివర కూర్చుంటుందట.

"నేను పేరు రాసివ్వాలి టీచర్‌గారూ," అన్నాడు డాక్టరు. "ఫలానా జబ్బు, ఫలానా మందుకి లొంగుతుంది అని రాస్తే పంపిస్తారు. 'ఎక్కడినుంచో లివర్‌కి పాకింది' అని రాస్తే పంపరు. ఇంటికి తీసుకెళ్ళమంటారు."

"మరి పేరు కనిపెట్టండి."

"అదే చేస్తున్నాను."

ఇంటికి తీసుకెళ్ళమనడం అంటే ఏమిటో నాకు తెలుసు. మా అమ్మనీ అలాగే అన్నారు.

ఫిబ్రవరి 20

ఇవాళంతా ప్రశ్నలే. ఏం తింటాడు, ఏం తాగుతాడు, జ్వరం వస్తుందా, రాత్రి చెమట పడుతుందా. కుర్చీ వాడి మంచానికి ఆనించుకుని కూర్చుని ఒక్కొక్కటీ అడిగి చెప్పాను. సెఫో రెండుసార్లు వచ్చి "టీచర్, మీరలిసిపోయారు, కాసేపు బయట కూర్చోండి, నేను చెప్తాను" అన్నాడు. నా తమ్ముడి విషయంలో నాకు అలుపేమిటి? పొమ్మన్నాను. పోయాడు పాపం.

రోజుకి ఎన్నిసార్లు పెరట్లోకి వెళ్తాడు, ఎలా అవుతుంది, అని కూడా డాక్టరు అడిగాడు. ఇంగ్లీషులో ఆ మాటలకి సిగ్గుండదు.

నేను అడిగాను. బాగానే ఉందన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం

వాడు ప్రార్థనకి వస్తానంటే ప్రాణం లేచొచ్చింది. చివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ముందు వరుసలో కూర్చోమని పాస్టర్‌గారు స్వయంగా పిలిచినా రాలేదు. ప్రసంగం సగంలో వెనక్కి తిరిగి చూస్తే లేడు. గాలికోసం వెళ్ళాడట.

భోజనానికి చామాకు కొబ్బరిపాలల్లో ఉడికించాను. వాడికి ప్రాణం అదంటే. రెండు ముద్దలు తిన్నాడో లేదో, మొహం, మెడ, చెవుల దాకా ఎర్రగా కందిపోయాయి. పొయ్యి దగ్గర కూర్చున్నవాడిలా అయిపోయాడు. పళ్ళెం పక్కన పెట్టి లేచి పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

ఎండ అలా ఉంది మరి.

ఫిబ్రవరి 26

రాస్తే నిద్ర పడుతుందేమో.

సూదితో లివర్ ముక్క తీసి న్యూజిలాండ్ పంపాలన్నారు. నేను తల దగ్గర నిలబడ్డాను. సూది లోపలికి దిగింది, వాడి మొహం ఎర్రబడింది. ఎర్రబడటమంటే మామూలుగా కాదు, ఛాతీ దాకా దిగింది ఎరుపు. ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. కళ్ళు తేలేశాడు. బీపీ అందడం లేదని సెఫో కేక పెట్టాడు. నన్ను ఎవరో భుజం పట్టుకుని బయటికి నెట్టారు. తలుపు బయట నేల మీద కూర్చుండిపోయాను. "దేవుడా, వీడు కాదు, వీడు కాదు" అని అంటూనే ఉన్నాను. పక్కనే బల్ల ఉందని తర్వాత ఎవరో చెబితే చూశాను.

బతికాడు. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"సూదికి మనిషి ఇలా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు. మొహం ఇలా ఎర్రబడటం ఇదివరకు ఉందా?"

"ఎండకి," అన్నాను.

"మందు తాగుతాడా?"

"అతను చర్చి డీకన్, డాక్టర్."

"క్షమించండి. సరే, విరేచనాల సంగతి. మళ్ళీ అడిగి చెప్పండి, జాగ్రత్తగా. అదీ ఇదీ కలిసుంటే నాకొక అనుమానం ఉంది. చాలా అరుదైన జబ్బు. కానీ రెండూ ఉండాలి."

"అడిగాను కదా. లేవన్నాడు."

"కచ్చితంగా?"

"మా తమ్ముడు నాకు అబద్ధం చెప్పడు."

ఆయన తల ఊపాడు. అయితే అది కాదన్నమాట, అన్నాడు తనలో తను.

మొదటిసారి చూశాను ఆయన కళ్ళల్లో ఏదో వెలగడం. వెంటనే ఆరిపోయింది.

ఫిబ్రవరి 27

లేవన్నాడు కదా.

మార్చి 3

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాను. ముక్క సంగతి తేలేదాకా చేసేదేమీ లేదట. చేతులు కట్టుకుని కూర్చోలేక మర్దనా చేసే ముసలి సోలోఫాని పిలిచాను. పాతికేళ్ళు బడిలో సైన్సు చెప్పినదాన్ని. ఎవరికీ చెప్పకూడదనుకున్నాను, వీధి వీధంతా చూసింది.

తెర ఇవతల కూర్చున్నాను. కొబ్బరినూనె వాసన వస్తోంది. కాసేపటికి సోలోఫా "అయ్యో" అంది. తెర తొలగించి చూస్తే మళ్ళీ అదే ఎరుపు, అదే ఊపిరి. కుడిపక్క చెయ్యి వేసి నొక్కిందట, అంతే.

"అమ్మా ఎటెవిసే, ఇది నా చేతికి లొంగేది కాదు. సమాధుల పక్కనుంచి వేళగాని వేళ వెళ్ళుంటాడు. అక్కడ పడుకున్నవాళ్ళెవరో చెంప మీద కొట్టారు వీణ్ణి, చూడు వేళ్ళు అచ్చు పడలా?"

"ఎవరూ కొట్టలేదు."

"నీకు తెలుసా? నీకు అన్నీ చెప్తాడా?"

"చెప్తాడు," అన్నాను.

మార్చి 6

సులియేటా ఫోను. వస్తానంటుంది. మళ్ళీ వద్దన్నాను.

"ఆయన బట్టలు ఎవరు ఉతుకుతున్నారు వదినా?"

"వాడే ఉతుక్కుంటున్నాడు. ఎంత చెప్పినా నన్ను ముట్టుకోనివ్వడు. తెల్లారకముందే లేచి ఉతికేసి ఆరేస్తాడు. అక్కకి కష్టం కలిగించకూడదని."

లైను పోయిందనుకున్నాను.

"సరే వదినా," అని పెట్టేసింది.

ఆమెతో ఎప్పుడూ ఇంతే, విషయం ఉండదు.

మార్చి 10

ముక్కలో రక్తమూ చచ్చిన కణాలూ తప్ప ఏమీ లేవట. మధ్యలో ఆపేశారు కదా, చాలినంత రాలేదు.

"ఇంకోసారి తియ్యండి."

"మొన్న ఎందుకలా అయ్యిందో నాకు తెలీదు టీచర్‌గారూ. తెలియకుండా మళ్ళీ గుచ్చితే టేబుల్ మీదే పోతాడు. ఆ పని చెయ్యలేను."

"కమిటీకి ఏం రాస్తారు?"

కిటికీలోంచి బయటికి చూశాడు. నేను చూసే కిటికీయే.

"ఇంటికి తీసుకెళ్ళండి. నొప్పి లేకుండా మందులిస్తాను."

వాడికి ఏం చెప్పాలి? "విశ్రాంతి తీసుకోమన్నాడు" అని చెప్పాను. వాడు నా మొహం చూసి, "అలాగే అక్కా, ఊరికి పోదాం, చామ దుంపలు తవ్వే రోజులొచ్చాయి" అన్నాడు. వాడికి అర్థమైంది. నాకు అర్థమైనట్టు వాడికి తెలుసు. ఇద్దరం చామ దుంపల గురించి మాట్లాడుకుంటూ ఇంటికి నడిచాం.

సాయంత్రం ఊరినుంచి పెద్దల ఫోను. అంత్యక్రియల్లో కానుకలుగా పంచే చాపలు దింపి ఎండకి వేశారట. ఎన్ని ఉన్నాయో నాకు చెబుతున్నాడు పెద్దాయన, ఎంతో ప్రేమగా, మన ఇంటి పరువు తక్కువ కాదు అమ్మా అంటూ. ఫోను పెట్టేశాను. పెద్దల ఫోను నేనెప్పుడూ అలా పెట్టెయ్యలేదు.

వాడు పెరట్లో కోళ్ళతో మాట్లాడుతున్నాడు. బతికున్నాడు. నా తమ్ముడు బతికే ఉన్నాడు, వాళ్ళు చాపలు ఎండబెడుతున్నారు.

మార్చి 11

ఏమీ రాయాలని లేదు. ఏ డాక్టరు దగ్గరికి పోను, ఏ దేవుణ్ణి అడగను? అడగాల్సినవన్నీ అడిగాను.

మార్చి 12

సులియేటా చెప్పాపెట్టకుండా మొదటి ఫెర్రీకే వచ్చింది. నాకు తలొంచి నమస్కరించి నేరుగా వెనకగదిలోకి వెళ్ళింది. వాడు నడుముకి చుట్టుకునే లావలావాలన్నీ మూటగట్టి పెరట్లోకి తెచ్చి, ఒకటి విప్పి చూసి, మళ్ళీ కట్టింది. తర్వాత వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. ఎప్పుడూ అక్కడే నిలబడుతుంది.

"వదినా, డాక్టరు విరేచనాల సంగతి అడగలేదా?"

ఆ మాట అలా గాలిలోకి వదిలేసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"అడిగాడు. వాడు లేవన్నాడు."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"పక్కనే. నేను కాకపోతే ఇంగ్లీషులో ఎవరు చెప్తారు? నువ్వా?"

"మీ పక్కన కూర్చుని మీ తమ్ముడు ఆ మాట అంటారా వదినా? పీక మీద కత్తి పెట్టినా అంటారా?"

పొయ్యిలో కట్టెలు ఎగదోశాను.

"రెండేళ్ళు. నీళ్ళలా. రోజుకి ఎనిమిదిసార్లు, పదిసార్లు. తిన్నది తిన్నట్టే పోతుంది. మొహం ఎర్రబడుతుంది, ఆ వెంటనే పరుగు. బస్సెక్కడం అందుకే మానేశారు. సభలో మాట్లాడటం మానేశారు. చర్చిలో తలుపు పక్కన కూర్చునేది వినయమనుకున్నారా? మీరిచ్చిన ముందుగది వద్దని ఇక్కడెందుకు పడుకున్నారో తెలుసా? ఆ బట్టలు రెండేళ్ళుగా నేను ఉతుకుతున్నాను. నాకు తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్పడానికి నేనెవర్ని? వస్తానంటే మీరు రెండుసార్లు వద్దన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఇంట్లో ఈ గుమ్మం దాటి లోపలికి రాలేదు నేను. మీరు ఆయనకి అక్క, పెద్ద పీట మీది. కాదనను. కానీ మీరా గదిలో ఉన్నంతసేపూ ఆయన నోరు విప్పరు. మీరంటే అంత గౌరవం ఆయనకి. ఆ గౌరవంతోనే చచ్చిపోతారు."

ఆ మాట అన్నాక భయపడి నేల మీద కూర్చుండిపోయింది. నాకు ఆమెను కొట్టాలనిపించింది. కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు. పొయ్యి మీద గిన్నె దింపాను.

మార్చి 12, సాయంత్రం

నేను అడగలేదు.

"కడుపు తేలిగ్గా ఉందా?" అన్నాను వాడితో. పండక్కి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. వాడు గోడ వైపు చూస్తూ "బాగానే ఉంది" అన్నాడు. దాన్ని లేవన్నాడని ఇంగ్లీషులో చెప్పాను. రెండోసారి డాక్టరు అడిగినప్పుడు వాడి దగ్గరికే వెళ్ళలేదు. నాకు తెలుసో తెలీదో నాకే తెలీదు. పెరటి తలుపు చప్పుడు రోజూ వింటూనే ఉన్నాను.

మార్చి 13

ఆసుపత్రిలో గది తలుపు దాకా వెళ్ళి ఆగాను.

"డాక్టర్, ఇవాళ నేను లోపలికి రాను. నా మరదలు కూర్చుంటుంది. సెఫో చెప్తాడు."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. సెఫోకి అయింది. నా వైపు చూడకుండా, "టీచర్, మొదటిరోజే చెప్పాలనుకున్నాను," అన్నాడు గొణుగుతూ. "మీరు నాకు నాలుగో తరగతి చెప్పారు."

"చెప్పింది సరిగ్గా చెప్పలేదు లే. లోపలికి పో."

నతానియేలు వెనక్కి తిరిగాడు. "అక్కా, ఎక్కడికి?"

"ఇక్కడే, బల్ల మీద. కాళ్ళు లాగుతున్నాయి."

వాడు నా కాళ్ళ వైపు చూశాడు. ఆ తర్వాత తల దించుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూశారు.

గోడకి ఆనుకుని కూర్చున్నాను. లోపల మాటలు వినపడుతున్నాయి, మాటలుగా కాదు, గొంతులుగా. వాడి గొంతు చాలాసేపు వినపడింది. సభలో మాట్లాడేటప్పటి గొంతు. ఎన్నాళ్ళయిందో విని. చెవులు మూసుకున్నాను, వినకూడదు కాబట్టి. వాడి ప్రాణం కోసం నేను చెయ్యగలిగింది ఇంతే, లేకుండా ఉండటం. ఇంత చిన్న పని ఇంత కష్టంగా ఉంటుందనుకోలేదు.

డాక్టరు తలుపు తోసుకుని బయటికొచ్చి ఫోను దగ్గరికి పరిగెత్తాడు. పలాగీలు ఆసుపత్రిలో పరిగెత్తడం నేను చూడలేదు. తిరిగొచ్చాక నా పక్కన కూర్చుని చెప్పాడు. ఒక రకం కణితి ఉంటుందట, పేగులో ఎక్కడో బియ్యపుగింజంత. నెమ్మదిగా పెరుగుతుంది, లివర్‌కి పాకుతుంది, పాకిన చోటునుంచి ఒక రసం రక్తంలోకి వదులుతుంది. ఆ రసమే మొహం ఎర్రబరుస్తుంది, ఆ రసమే ఆ రెండో పని చేస్తుంది. సూది తగలగానే రసమంతా ఒక్కసారి తెగి పారింది. సోలోఫా చెయ్యి తగిలినప్పుడూ అదే జరిగి ఉంటుందని నేను మనసులో అనుకున్నాను.

"ఇది మామూలు క్యాన్సర్ లాంటిది కాదు. దీనికి మందుంది. కానీ రుజువు కావాలి." రోజంతా ఒంటికి పోసిన నీళ్ళు పట్టి ఆక్లండ్ పంపాలి. దానికి మూడురోజుల ముందునుంచీ అరటి, అనాస, టమాటా, అవకాడో ముట్టకూడదు. తింటే పరీక్ష అబద్ధం చెప్తుంది.

"అరటా?" అన్నాను. ఇక్కడ అరటి లేకుండా ఎవరు బతుకుతున్నారు?

మార్చి 16

వాణ్ణి ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు, నేను బల్ల మీద కాపలా కాస్తున్నాను. ఊరు ఊరంతా వాణ్ణి చూడ్డానికి వస్తోంది, ప్రతి చేతిలోనూ అరటే. కొబ్బరిపాలల్లో ఉడికిన పచ్చి అరటికాయలు, అరటిపండు జావ, కాల్చినవి, గెలలు.

"రోగి దగ్గరికి వట్టి చేతుల్తో ఎలా పోను టీచర్? మొహం ఎక్కడ పెట్టుకోను?" అంది పాస్టర్‌గారి భార్య.

"ఇక్కడ పెట్టండి, బల్ల మీద. నేను తింటాను."

"పాపం ఆయనకి ఒక్కటి..."

"సగం కూడా పోనివ్వను."

పిసినారిదని, తమ్ముడి తిండి తింటోందని వీధిలో అంటున్నారట. అననీ. అరటిపండు చూస్తేనే తిప్పుతోంది నాకు.

సులియేటా సీసాని లావలావాలో చుట్టి, పసిబిడ్డలా పట్టుకుని నా ముందునుంచి పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. వెళ్ళిపోయాను వదినా, తెరవండి, అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత నాకు ఏడుపొచ్చింది, ఆమె పక్కన కూర్చుంది. ఆ బల్ల మీద ఆమె నా పక్కన కూర్చోవడం అదే మొదలు.

మార్చి 19

కబురు లేదు. కాకపోతే? అది కూడా కాకపోతే?

మార్చి 21

అదే. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుందట. ఆ రసాన్ని ఆపే మందు విమానంలో వచ్చింది. ముందు అది ఎక్కించి రేపు మళ్ళీ సూది.

మార్చి 22

మొహం ఎర్రబడలేదు. సులియేటా తలుపు కొంచెం తెరిచి అంత మాత్రం చెప్పి మళ్ళీ మూసేసింది.

మార్చి 26

ముక్క మీద రంగు వేసి చూశారట, తేలిపోయింది. న్యూరోఎండోక్రైన్ కణితి. బల్ల మీద కూర్చుని పైకి పలికాను, మూడుసార్లు. పాఠం నేర్చుకునే పిల్లలా. ఇంత అసహ్యమైన పేరు ఇంత ముద్దొస్తుందనుకోలేదు.

తర్వాత డాక్టరు నా దగ్గరికొచ్చాడు. ముద్దు అంతా పోయింది.

రెండేళ్ళుగా ఆ రసం గుండె గుండా పోతూ పోతూ ఒక కవాటాన్ని గట్టిపరిచిందట. నెలకో ఇంజెక్షన్‌తో కణితిని ఏళ్ళ తరబడి అదుపులో పెట్టొచ్చు. గుండె మాత్రం అంతదాకా ఆగేలా లేదు. ఆక్లండ్‌లో కవాటం మార్చాలి, తట్టుకుంటాడో లేదో చెప్పలేను అన్నాడు.

"నెల ముందు తెలిసుంటే?"

"నెలకి పెద్ద తేడా ఉండదు లెండి."

అబద్ధం చెప్పాడో నిజం చెప్పాడో. నేనాయనకి చెప్పినదానికంటే మర్యాదగానే చెప్పాడు.

మార్చి 28

కమిటీ ఒప్పుకుంది. రోగి వెంట ఒక్కరే.

ఊరి పెద్దలు, చర్చివాళ్ళు, అందరూ నేనే అనుకున్నారు. ఇంగ్లీషు వచ్చినదాన్ని, ఆక్లండ్ చూసినదాన్ని. సంచీ కూడా సర్దుకున్నాను. ఎందుకు అబద్ధం, ఎప్పుడో సర్దుకున్నాను. పేరు అడిగినప్పుడు సులియేటా అన్నాను. ఆమె గుమ్మంలో నిలబడి వింటోంది.

"నాకు ఒక్క ముక్క రాదు వదినా."

"అక్కడి ఆసుపత్రుల్లో మనవాళ్ళు బోలెడుమంది. లోపలికి రా, కూర్చో. నా కోటు పొట్టిచెయ్యాలి నీకు."

ఏప్రిల్ 4

విమానాశ్రయంలో వాడు నా ఎదురుగా నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకోవాలని ఉంది వాడికి, పట్టుకోలేదు.

"ఆసుపత్రిలో ఆ బల్ల గట్టిగా ఉంటుందా అక్కా?"

"గట్టిగానే ఉంటుంది."

"చాలాసేపు కూర్చున్నావు."

"ఊఁ."

"వెళ్ళొస్తాను," అన్నాడు. సులియేటా నా కోటు వేసుకుని ముందు నడిచింది, వాడు వెనక.

ఏప్రిల్ 20, ఆదివారం

గుండె ఆపరేషన్ గురువారం. వాడు తిరిగొస్తాడో రాడో నాకు తెలీదు. పొద్దున చర్చిలో చివరి బెంచీలో, తలుపు పక్కన, వాడి చోట్లో కూర్చున్నాను.

సాయంత్రం సులియేటా ఫోన్ చేసింది. ఇంజెక్షన్ ఇచ్చి రెండు వారాలైంది. చలి అంటోంది, రొట్టె తినలేక చస్తున్నామంటోంది, చామ దుంపకి బంగారం ధర అంటోంది. నేను వింటున్నాను. ఒక్క మాట నాలుక చివర ఆడుతోంది. అడగాలా, వద్దా? ఆమెనే కదా, వాణ్ణి కాదు కదా, ఆమెని అడిగితే తప్పేముంది?

"ఆయన నిన్న బస్సెక్కారు వదినా," అంది సులియేటా.

ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చాను.

"ఊరు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయారు. మధ్యలో ఎక్కడా దిగలేదు. నేను దిగుదామంటే దిగరే. కిటికీ పక్కన కూర్చుని, మళ్ళీ అదే బస్సులో వెనక్కి. డ్రైవరు మాకేసి చూసి నవ్వాడు."

"మంచిది," అన్నాను.

"ఇంకేమైనా అడుగుతారా?"

నేను అడగలేదు.